టెనోఫోవిర్ గోలీ చేసే పని, చేయని పని

బాన్సువాడ చుట్టుపక్కల పల్లెల్లో హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో ఉందన్న సంగతి తరచుగా జబ్బు చేసి కాదు, కాగితం చూసి తెలుస్తుంది. ఆ కాగితం రెండు దారుల్లో చేతికొస్తుంది. ఒకటి గల్ఫ్ దారి. సౌదీకో కువైట్‌కో పోవడానికి చేయించుకునే వైద్యపరీక్షలో ఈ వైరస్ ఉనికిని చూపే హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని తేలితే ఆ మనిషిని ‘అన్‌ఫిట్’ అంటారు. ఊళ్లో దాని పేరు ‘మెడికల్ ఫెయిల్’. రెండోది కాన్పు దారి. గర్భిణులకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలతో పాటే ఇదీ చేస్తారు. అలా తేలిన పాతికేళ్ల యువకుడికి గానీ, ఐదో నెల గర్భిణికి గానీ ఏ బాధా ఉండదు. కళ్లు పచ్చబడలేదు, అన్నం సయిస్తూనే ఉంది, పనికి పోతూనే ఉన్నారు.

అలాంటివాళ్లు డాక్టరును అడిగే మొదటి మాట ‘దీనికి మందు ఉందా సార్?’ అని. ఉంది. రెండో మాట ‘ఎన్ని దినాలు వాడితే పోతది?’ అని. హెపటైటిస్-బి మందుతో వచ్చే చిక్కులు చాలావరకు ఈ రెండో ప్రశ్న దగ్గరే మొదలవుతాయి. మందు ఒంట్లో ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలియకపోతే ‘రోజూ వేసుకో, ఆపొద్దు’ అన్న మాట ఉత్త బెదిరింపులా వినిపిస్తుంది. అందుకని ముందు వైరస్ సంగతి చూద్దాం.

ఇది చాలా చిన్న వైరస్. మనిషి జన్యుపదార్థంలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటే దీనిలో ఉన్నవి సుమారు 3,200. అంత కొద్ది సరంజామాతోనే కాలేయ కణంలోకి దూరి, కేంద్రకం దాకా పోయి, గుండ్రంగా చుట్టుకున్న ఒక డీఎన్‌ఏగా అక్కడ స్థిరపడుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని సీసీసీడీఎన్‌ఏ అంటారు. మనం మూలప్రతి అనుకుందాం. ఈ మూలప్రతి చూసి కణం ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తీస్తుంది. ఆ ఆర్‌ఎన్‌ఏను తిరిగి డీఎన్‌ఏగా రాసి, కొత్త వైరస్‌లో పెట్టే ఎంజైమ్ మాత్రం వైరస్ సొంతది. హెచ్‌ఐవీకి ఉన్నదీ ఇలాంటి ఎంజైమే. ఆ జబ్బు కోసం వెతికిన మందులు కొన్ని ఇక్కడ పనికిరావడం అందువల్లే.

టెనోఫోవిర్ అణువు పుట్టింది ప్రాగ్ నగరంలో, ఆంటొనిన్ హోలీ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో. డీఎన్‌ఏలోని ‘ఎ’ అనే అక్షరాన్ని అచ్చం పోలి ఉంటుంది. వైరస్ ఎంజైమ్ దాన్ని అసలు అక్షరమే అనుకుని గొలుసులో కలుపుకుంటుంది. అయితే తర్వాతి అక్షరం అతుక్కునే చోటు టెనోఫోవిర్‌కు లేదు. గొలుసు అక్కడితో తెగిపోతుంది, కొత్త వైరస్ తయారు కాదు. ఎంటెకావిర్ ‘జి’ అక్షరం వేషంలో ఇదే పని మరో పద్ధతిలో చేస్తుంది. రోజుకు ఒక్క గోలీ. కొన్ని నెలల్లో రక్తంలో వైరస్ లెక్క, అంటే వైరల్ లోడ్, పడిపోతుంది. చాలామందిలో ఏడాది, రెండేళ్లకు పరీక్షకు దొరకనంత తగ్గుతుంది. మంట చల్లారిన కాలేయం మెల్లగా కోలుకుంటుంది, కాలేయం మచ్చలతో గట్టిపడే సిర్రోసిస్ ముప్పు, క్యాన్సర్ ముప్పు తగ్గుతాయి.

అంతా బాగానే ఉంది గానీ, మూలప్రతిని ఈ మందు తాకనే తాకదు. నిజాంసాగర్ కాలువ కింద వరి వేసే రైతుకు తుంగ గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. పైన కోసేస్తే మడి శుభ్రంగా కనిపిస్తుంది, మట్టిలో గడ్డ ఉన్నంతకాలం మళ్లీ లేస్తుంది. గోలీ కోసేది పైదాన్నే. హెచ్‌బీఎస్‌ఏజీ అనే ప్రోటీన్ నేరుగా మూలప్రతి ఆజ్ఞతో తయారవుతుంది, దానికి ఆ ఎంజైమ్‌తో పనిలేదు. కాబట్టి వైరల్ లోడ్ సున్నా అయినా హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్‌గానే ఉంటుంది. మందు వాడుతూ అది నెగటివ్ అయ్యేవాళ్లు ఏడాదికి నూటికి ఒకరుంటే గొప్ప.

ఏడాదిపాటు మందు వాడినవాడికి ‘వైరస్ కనిపించడం లేదు’ అని రిపోర్టు వస్తుంది. కాలేయం దెబ్బను చూపే ఎస్‌జీపీటీ మామూలయింది. ఒళ్లు మొదటినుంచీ బాగానే ఉంది. ఇక గోలీ దేనికి అనిపించడం సహజం. మానేసిన మొదటి వారాల్లో ఏమీ కాదు కూడా. ప్రమాదమంతా ఆ నిశ్శబ్దంలోనే ఉంది. అడ్డు తొలగడంతో మూలప్రతి నుంచి కొత్త వైరస్ మళ్లీ తయారవుతుంది. టెనోఫోవిర్ మానినవారిలో ఇది తరచుగా మొదటి కొద్ది నెలల్లోనే జరుగుతుంది. ఈ వైరస్ కాలేయ కణాన్ని తానుగా చంపదు. వైరస్ ఉన్న కణాలను గుర్తుపట్టి చంపేది మన రోగనిరోధక వ్యవస్థే. చాన్నాళ్లుగా వైరస్ లేక ఊరుకున్న ఆ వ్యవస్థ ఒక్కసారిగా కోట్ల కణాల్లో వైరస్‌ను చూస్తే ఒక్కసారిగానే విరుచుకుపడుతుంది. ఎస్‌జీపీటీ వేలల్లోకి ఎగబాకవచ్చు. అప్పటికే సిర్రోసిస్ ఉన్న కాలేయం ఆ దెబ్బకు తట్టుకోలేక పూర్తిగా విఫలం కావచ్చు. టెనోఫోవిర్, ఎంటెకావిర్ డబ్బాల్లో ఉండే కాగితం మీద గడి కట్టి మరీ అచ్చువేసే మొదటి హెచ్చరిక దీని గురించే.

మందును ఎప్పటికీ ఆపకూడదని కాదు. కొందరికి కొన్నేళ్ల తర్వాత ఆపి చూడవచ్చు. ఆ నిర్ణయం నిపుణుడు తీసుకోవాలి, ఆపాక నెలనెలా రక్తపరీక్ష జరగాలి, సిర్రోసిస్ ఉన్నవారికి ఆ ప్రయత్నమే వద్దు. మెడికల్ షాపులో స్టాకు లేదనో, పెళ్లికి ఊరెళ్లామనో, చేతిలో డబ్బు లేదనో ఆగిపోవడం వేరే సంగతి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. మర్నాటి వేళ దగ్గరపడితే ఆ ఒక్కటి వదిలేయాలి, రెండు కలిపి మింగకూడదు. డబ్బాలో పది గోలీలు మిగిలినప్పుడే కొత్త డబ్బా ఇంట్లో ఉండాలి. టెనోఫోవిర్ సాధారణంగా 30 గోలీల డబ్బాలో, తేమ పీల్చే చిన్న సంచీతో వస్తుంది. ఆ సంచీ తీసి పారేయొద్దు, గోలీలను వేరే డబ్బీలోకి మార్చొద్దు.

ఇక్కడ పసరు మందు గురించి చెప్పకుండా ముందుకు పోతే ఈ ప్రాంతపు పాఠకుడు నన్ను నమ్మడు. కామెర్లనగానే నేల ఉసిరి నూరి తాగించడం, ఉప్పు లేని పథ్యం పెట్టడం, చేతికి వాత పెట్టించడం ఇక్కడ తరాల నాటి అలవాటు. వాత గురించి వాదించడానికేమీ లేదు, అది పుండు చేస్తుంది, అంతే. నేల ఉసిరిది మాత్రం అంత తేలిగ్గా కొట్టిపారేయలేని కథ. హెపటైటిస్-బి వైరస్ ఆచూకీ కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ ఈ మొక్క మీద స్వయంగా పనిచేశాడు. 1988లో ఆయన, మద్రాసుకు చెందిన త్యాగరాజన్ తదితరులు కలిసి లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి హెచ్‌బీఎస్‌ఏజీ పోయిందని, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందని. ఇవాళ్టి ఏ గోలీ కూడా ఆ దరిదాపులకు రాదు. ప్రపంచం ఉలిక్కిపడింది, పలుచోట్ల మళ్లీ చేసి చూశారు. అలాంటి ఫలితం మళ్లీ రాలేదు. తర్వాత అధ్యయనాలన్నిటినీ పోగుచేసి చూసిన సమీక్షలకూ గట్టి ఆధారం దొరకలేదు. సైన్సు ఆ మొక్కకు న్యాయంగానే అవకాశం ఇచ్చిందని నా అభిప్రాయం.

మరి పసరు తాగి కామెర్లు తగ్గినవాళ్లు ఊరూరా ఎలా ఉన్నారు? కామెర్లు తెచ్చే వైరస్‌లలో ఎ, ఇ రకాలు వాటంతటవే పోతాయి. పెద్దయ్యాక కొత్తగా సోకిన బి కూడా నూటికి 95 మందిలో దానంతటదే పోతుంది. పోయేది ఎలాగూ పోతుంది, పేరు పసరుకు వస్తుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకిన బి మాత్రం నూటికి 90 మందిలో జీవితాంతం ఉండిపోతుంది. గల్ఫ్ మెడికల్‌లో బయటపడే యువకుల్లో చాలామంది అలా చిన్ననాడే సోకినవారు. ‘మూడు నెలల్లో నెగటివ్ చేస్తాం’ అనేవాళ్ల దగ్గరికి వాళ్లు పోయినప్పుడు డబ్బు పోవడం ఒక నష్టం. టెనోఫోవిర్ మానేసి ఆ మందుకు మారితే జరిగేది ఇంకా పెద్ద నష్టం.

మానడం ఎంత ప్రమాదమో, చూడకుండా మొదలుపెట్టడం కూడా అంత తప్పు. పాజిటివ్ అన్న ప్రతివారికీ మందు అవసరం లేదు. వైరల్ లోడ్ తక్కువ, ఎస్‌జీపీటీ మామూలు, కాలేయం మెత్తగా ఉన్నవారిని ఏడాదికి ఒకటి రెండుసార్లు పరీక్షలతో గమనిస్తే చాలు. మందు ఎవరికి అన్న ఈ గీతను 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొంత జరిపింది. మునుపటి కంటే ఎక్కువమందికి, ముందుగానే మందు ఇవ్వమంది. ఉదాహరణకు వైరల్ లోడ్ 2,000 దాటి, ఎస్‌జీపీటీ ఎక్కువగా ఉన్న పెద్దలకు ఇవ్వాలి. వైరల్ లోడ్ పరీక్ష అందుబాటులో లేని చోట ఏం చేయాలో కూడా చెప్పింది. మామూలు ల్యాబులో చేసే రెండు పరీక్షలతో ఏప్రి అనే లెక్క కట్టవచ్చు. ఎస్‌జీఓటీ 80 ఉందనుకోండి, మామూలు గరిష్ఠం 40. అంటే రెండు రెట్లు. ప్లేట్‌లెట్లు లక్షా యాభై వేలు, అంటే 150 వేలు. రెండును 150తో భాగించి నూరుతో హెచ్చిస్తే 1.33 వస్తుంది. పెద్దల్లో 0.5 దాటితే కాలేయంలో మచ్చలు బాగా పడ్డాయని, 1 దాటితే సిర్రోసిస్ ఉండవచ్చని అనుమానించి మందు మొదలుపెట్టాలి. ఒక చిన్న పట్టణపు ల్యాబు రిపోర్టుతో ఇంత తెలుస్తుంది.

మొదలుపెట్టే ముందు తప్పనిసరిగా చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్ర పరీక్ష, హెపటైటిస్-సి పరీక్ష, హెచ్‌ఐవీ పరీక్ష. హెచ్‌ఐవీ అనగానే మొహం మాడ్చుకునేవాళ్లుంటారు, దాని వెనుక కారణం చెబితే ఒప్పుకుంటారు. టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ హెచ్‌ఐవీ మీద కూడా కొంత పనిచేస్తాయి. తెలియకుండా హెచ్‌ఐవీ ఉన్న మనిషికి ఆ ఒక్క మందే ఇస్తే ఆ వైరస్ మందుకు మొండిదైపోతుంది. డబ్బా మీద కాగితంలో హెచ్‌ఐవీ అన్న మాట చూసి ‘నాకు ఆ జబ్బు ఉందని దాచారు’ అని భయపడి మందు మానేసేవారికీ ఈ విషయం ముందే చెప్పి ఉంచాలి. 2000 ప్రాంతంలో లామివుడిన్ వాడి ఉంటే ఆ పాత చీటీ కూడా చూపించాలి. 1998లో వచ్చిన ఆ మొదటి గోలీకి ఐదేళ్లలో నూటికి 70 మందిలో వైరస్ మొండిదైంది. అలాంటివారిలో ఎంటెకావిర్ కూడా త్వరగా పట్టు కోల్పోతుంది. టెనోఫోవిర్‌కు ఆ బెడద దాదాపు లేదు.

పేరు విషయంలో ఒక తిరకాసు ఉంది. టెనోఫోవిర్ రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి 300 మిల్లీగ్రాముల టీడీఎఫ్, రెండోది 25 మిల్లీగ్రాముల టీఏఎఫ్. రెండోది కాలేయ కణంలోకి నేరుగా చేరేలా చేసిన రూపం. దానితో రక్తంలో తిరిగే టెనోఫోవిర్ దాదాపు 90 శాతం తక్కువ. అందుకే కిడ్నీలు, ఎముకలు బలహీనంగా ఉన్నవారికి దాన్ని ఎంచుకుంటారు. ఇద్దరు డాక్టర్ల చీటీలు పట్టుకుని రెండూ వేసుకుంటే అది రెట్టింపు వైద్యం కాదు, రెట్టింపు ముప్పు. షాపులో ‘అదే మందే’ అని లామివుడినో డోలుటెగ్రావిరో కలిసిన గోలీ ఇస్తే తీసుకోవద్దు, అవి హెచ్‌ఐవీ చికిత్సకు చేసిన కలయికలు. ఇక తిండి సంగతి. టీడీఎఫ్ ఎప్పుడైనా వేసుకోవచ్చు. టీఏఎఫ్ అన్నంతో. ఎంటెకావిర్ మాత్రం ఖాళీ కడుపున, తిన్న రెండు గంటల తర్వాత, మళ్లీ తినడానికి రెండు గంటల ముందు. రాత్రి పడుకునే వేళ పెట్టుకుంటే ఎంటెకావిర్‌కు తేలిక.

టీడీఎఫ్ ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారా. పోతూ పోతూ కిడ్నీలోని సన్నని నాళాల కణాల్లో పేరుకోవచ్చు. చాలామందికి ఏమీ కాదు. కొద్దిమందిలో ఆ కణాలు దెబ్బతిని, మూత్రంలో ఫాస్ఫేటు, ప్రోటీను పోయి, ఎముకలు గుల్లబారతాయి. షుగరు, బీపీ ఉన్నవారికి, వయసు మీదపడినవారికి ముప్పు ఎక్కువ. ఆరు నెలలకోసారి క్రియాటినిన్ చూడమనేది ఇందుకే. కిడ్నీల పని తగ్గితే టీడీఎఫ్‌ను రోజూ కాక రోజు విడిచి రోజు ఇస్తారు, లేదా మందు మారుస్తారు.

ఈ లెక్కలో పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటేసేది, పల్లెలో అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. నొప్పుల గోలీ. నాట్లు వేసి నడుం పట్టేసినా, బస్తాలు మోసి భుజం లాగినా ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, షాపులో నాలుగు గోలీలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. టీడీఎఫ్ వాడుతున్న మనిషి వాటిని పెద్ద మోతాదులో గానీ రోజుల తరబడి గానీ వాడితే కిడ్నీలు ఒక్కసారిగా చేతులెత్తేయవచ్చు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని రోజున మరీను. నొప్పికి పారాసెటమాల్ మేలు, అదీ కాలేయం స్థితిని బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో. పేరు లేని పొట్లాల్లో స్టెరాయిడ్లు కలిపి ఇస్తే ఇంకో రకం చిక్కు. అవి రోగనిరోధక శక్తిని అణచి, నిద్రపోతున్న వైరస్‌ను లేపుతాయి. క్యాన్సర్ మందులు, రిటుక్సిమాబ్, హెపటైటిస్-సి గోలీలు మొదలుపెట్టే ముందు కూడా బి సంగతి చెప్పి తీరాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ టీఏఎఫ్‌ను పనిచేయనీయదు. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ కూడా అంతే. అప్పుడు రూపం మార్చవలసి వస్తుంది.

కల్లు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. మద్యం ఏదైనా హెపటైటిస్-బి ఉన్న కాలేయాన్ని సిర్రోసిస్ వైపు తోస్తుంది. కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతంలో దీనికి తోడు మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు ఉంది. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల ఊళ్లలో అలాంటి కల్లు తాగి చాలామంది బాన్సువాడ ఆసుపత్రి పాలయ్యారు. డయజెపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులను ఒంట్లోంచి తొలగించేది కాలేయమే. సిర్రోసిస్ ఉన్న మనిషిలో అవి పేరుకుపోయి, మెదడు మబ్బు పట్టి, కోమాకు దారితీయవచ్చు. రోజూ గోలీ వేసుకుంటున్నాను గదా అన్న ధీమా ఇక్కడ ఏమాత్రం పనిచేయదు.

మందు ఖరీదు ఒకప్పుడున్నంత గోడ కాదు ఇప్పుడు. టీడీఎఫ్ మీద పేటెంటు కోరిన అర్జీని భారత పేటెంట్ కార్యాలయం 2009లో తిరస్కరించింది. హెటిరో, అరబిందో వంటి హైదరాబాదు కంపెనీలు దీన్ని తయారుచేసి ప్రపంచానికే పంపుతున్నాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, టెనోఫోవిర్, ఎంటెకావిర్ ఉచితం. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో భారతదేశంలో ఈ వైరస్ ఉన్నవారు 2 కోట్ల 98 లక్షలు, వారిలో మందు అందుతున్నది బహు కొద్దిమందికి. బాన్సువాడ వాళ్లు చికిత్స కోసం కామారెడ్డికో నిజామాబాదుకో బస్సెక్కాలంటే ఒక రోజు కూలీ పోతుంది. ఉచిత మందు కూడా మధ్యలో ఆగిపోయేది ఇలాంటి చోట్లే. ఒకేసారి రెండు మూడు నెలలకు సరిపడా ఇవ్వమని అడగడంలో తప్పులేదు. గల్ఫ్‌లో ఇప్పటికే ఉన్నవారు సెలవుకు వచ్చినప్పుడు డాక్టరు చీటీతో సహా సరిపడా తీసుకెళ్లాలి. మందు వాడినా హెచ్‌బీఎస్‌ఏజీ మారదు కాబట్టి ‘ఫెయిల్’ పాస్ కాదు. ఇది చేదు నిజం, ముందే చెప్పడం మర్యాద.

ఇంట్లో కంచం, గ్లాసు వేరుచేయడం శుద్ధ అనవసరం. కలిసి తింటే ఇది అంటదు. రేజరు, టూత్‌బ్రష్షు, సూది మాత్రం ఎవరివి వారికే. భార్య, భర్త, తోబుట్టువులు, పిల్లలు పరీక్ష చేయించుకోవాలి, లేనివారు టీకా వేయించుకోవాలి. మందు వాడుతున్నా సిర్రోసిస్ ఉన్నవారికి ఆరు నెలలకోసారి కాలేయపు స్కానింగ్ తప్పదు. వైరస్ అణిగినా క్యాన్సర్ ముప్పు పూర్తిగా పోదు గనక.

ఇక ఐదో నెల గర్భిణి. ఆమెకు మందు తనకోసమే కావాలో లేదో ఒక లెక్క, బిడ్డ కోసం కావాలో లేదో వేరే లెక్క. వైరల్ లోడ్ రెండు లక్షలు దాటినా, వైరస్ జోరును చూపే హెచ్‌బీఈఏజీ పాజిటివ్ అయినా ఆమె ఒంట్లోని వైరస్ కాన్పు వేళ బిడ్డకు సోకే అవకాశం చాలా ఎక్కువ. టీకా ఒక్కటే అప్పుడు చాలకపోవచ్చు. నాలుగో నెల దాటాక టీడీఎఫ్ మొదలుపెట్టి వైరస్‌ను అణిస్తే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. గర్భంలో వాడిన అనుభవం బాగా ఉన్నది టీడీఎఫ్‌కే. ఎంటెకావిర్‌ను గర్భిణులకు వాడరు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు ఒక తొడకు టీకా, ఇంకో తొడకు రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్ ఇస్తారు. ఆ తర్వాత 6, 10, 14 వారాల్లో అదే టీకా కలిసిన పెంటావాలెంట్. హెపటైటిస్-బి టీకా ఒకప్పుడు విదేశాల నుంచే వచ్చేది, సామాన్యుడు కొనగలిగేది కాదు. వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హైదరాబాదులో దాన్ని తయారుచేశాకే ధర దిగింది. ఇప్పుడది ప్రభుత్వ టీకాల్లో భాగం.

బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రి తల్లిపాలకు అనుకూలమైన ఆసుపత్రిగా 2022లో జాతీయ గుర్తింపు తెచ్చుకుంది. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని చెప్పి అత్తగారో పొరుగావిడో బిడ్డకు డబ్బా పాలు పట్టమంటే వినకూడదు. టీకా పడిన బిడ్డకు తల్లిపాల వల్ల వైరస్ రాదు, టెనోఫోవిర్ పాలలోకి వచ్చేది అత్యల్పం. తల్లికి తన కాలేయం కోసం మందు అవసరం లేకపోతే కాన్పు తర్వాత గానీ బిడ్డ టీకాలు పూర్తయ్యాక గానీ డాక్టరు దాన్ని ఆపుతారు. ఆపాక ఆరు నెలల పాటు ఆమె ఎస్‌జీపీటీ చూస్తూ ఉండాలి, కాన్పు తర్వాత ఊరికే కూడా ఎస్‌జీపీటీ ఎగిసే రోజులవి. ఆ నెలల్లో కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, వాంతులై అన్నం సయించకపోయినా బాలింత నీరసం అని ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి రావాలి. బిడ్డకు వైరస్ సోకిందా, టీకా పట్టిందా అన్న పరీక్ష తొమ్మిది నెలలు నిండాక చేస్తారు. అంతకు ముందు చేస్తే పుట్టినప్పుడు ఇచ్చిన రెడీమేడ్ యాంటీబాడీలే రిపోర్టులో కనిపించి, టీకా పట్టిందని భ్రమ కలగవచ్చు. తొమ్మిదో నెల తట్టు టీకాకు బిడ్డను ఎలాగూ తీసుకొస్తారు. హెచ్‌బీఎస్‌ఏజీ, టీకా యాంటీబాడీలను చూపే యాంటీ-హెచ్‌బీఎస్ రెండింటికీ రక్తం అప్పుడే ఇచ్చి వెళ్లవచ్చు.